కొబ్బరికాయకు కనబడని ఊట

మీరు బోరు వేయించే ముందు కొబ్బరికాయ అరచేతిలో లేచి నిలబడిందో లేదో చూశారు, సరే. ఆ నీళ్ళల్లో అప్పటికే ఎవరు బతుకుతున్నారో చూశారా?

ఎదురుగా కూర్చోబెట్టి అడగడానికి ఇప్పుడు నాకు మనుషులు లేరు. అందుకని కాగితం మీద అడుగుతున్నాను. నేనుండేది టెక్సాస్‌లో, ఆస్టిన్ నగరానికి ఉత్తరాన, సున్నపురాతి గుట్టల అంచున. ఆస్పత్రి ల్యాబులో రక్తం, కండ పరీక్షలు చేసే పాథాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. మా నాన్న ఇంటి వరండాలో ప్రతి వారం వాదనలు జరిగేవి. కులం, వితంతు వివాహం, దేవుడు, ఏదైనా సరే, ముందు ఎదుటివాడి మాట పూర్తిగా వినాలి, తర్వాత రుజువు అడగాలి. ఆ వరండాలో నేర్చుకున్న పద్ధతి నాకు ఉద్యోగంలో పనికొచ్చింది. స్నేహాల్లో అంతగా పనికిరాలేదు.

మా వీధి చివర అడవి లాంటి ప్రభుత్వ స్థలం ఉంది. సెడార్ చెట్ల మధ్య కాలిబాట వెంట దిగితే ఒక రాతి చూరు, దాని కింద ఒక పగులు, ఆ పగులులోంచి వచ్చే ఊట. పెద్దదేమీ కాదు. చీర కొంగంత వెడల్పున రాళ్ళ మీద పారి, కిందున్న వాగులో కలుస్తుంది. ఎండాకాలంలోనూ చలికాలంలోనూ ఆ నీళ్ళు ఒకే చల్లదనంతో ఉంటాయి. ఆ నీళ్ళల్లో ఉంటుంది సాలమాండర్.

తెలుగులో దానికి పేరు లేదు. చూడటానికి బల్లిలా ఉంటుంది గాని బల్లి కాదు, కప్పకు చుట్టం. నా చిటికెన వేలంత ఉంటుంది. ఒళ్ళు రాతి రంగు. మెడకు రెండు పక్కలా ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు నీళ్ళల్లో మెల్లగా ఊగుతుంటాయి. కప్పపిల్ల పెరిగి మొప్పలు పోగొట్టుకుని గట్టెక్కుతుంది. ఇది గట్టెక్కదు. చచ్చేదాకా మొప్పలతోనే, నీళ్ళల్లోనే ఉంటుంది. ఈ గుట్టల ఊటల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఇక్కడ నీళ్ళు పోతే, పని పోయిన మనలా ఇంకో రాష్ట్రంలో వెతుక్కోవడానికి దానికి వీలు లేదు. పది అడుగుల పొడినేల దాటితే చచ్చిపోతుంది.

రాయి ఎత్తి చూసే అనుమతి నాకు లేదు. పర్మిట్ ఉన్న బయాలజిస్టులు ఎప్పుడో వచ్చి చూసి పోతారు. కాని కదలకుండా కూర్చుంటే అదే బయటికి వస్తుంది. నేను కూర్చోగలను. నన్ను అది గుర్తుపట్టేదని చెప్పను, అబద్ధం అవుతుంది. నేను మాత్రం దాన్ని చూడకుండా ఒక్క పొద్దు కూడా గడపలేని స్థితికి వచ్చాను.

ఆ కాలిబాట మీదే ఒక అమ్మాయి పరిచయమైంది. అమ్మాయి అంటున్నానే గాని నలభై దాటిన మనిషి, సాఫ్ట్‌వేర్ మేనేజరు. ఊరు అనంతపురం పక్కన. ఆదివారం పొద్దున్నే నాతో నడవడానికి వచ్చేది. మొదటిసారి ఊట దగ్గర కూర్చోబెట్టి చూపించినప్పుడు వంగి నీళ్ళల్లో వేళ్ళు పెట్టింది. తర్వాత, "ఆంటీ, మా పక్క ఏట్లో చెలమ తీస్తే ఇట్లనే ఊరుతాండె. చిన్నప్పుడు బిందె పట్టుకోని దాని పక్కనే కూచుంటాంటి," అంది. ఆఫీసు ఫోన్లలో గంటల తరబడి ఇంగ్లీషు మాట్లాడే మనిషి ఊట దగ్గర మాత్రం సొంత ఊరి మాట మాట్లాడేది. చూస్తుండగానే సాలమాండర్ తల బయటపెట్టింది. "అయ్యో, దీనికి జడకుచ్చులు ఉండాయే!" అని నవ్వింది. ఆ మొప్పలకు అంతకన్న మంచి వర్ణన నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు.

అలా రెండేళ్ళు నడిచాం. తర్వాత ఆమె, భర్త కలిసి ఊటకు పైనున్న వాలులో కొన్ని ఎకరాలు కొన్నారు. ఇల్లు కట్టుకుంటారట. మల్లెపందిరి, మునగచెట్టు, పిల్లలు ఆడుకోవడానికి పచ్చటి లాన్. సిటీ నీళ్ళు అంత దూరం రావు. కాబట్టి బోరు.

భర్తది నల్గొండ పక్క. కలుపుగోలు మనిషి. స్నేహితులందరినీ ఒక ఆదివారం ఆ కొత్త స్థలానికి పిలిచాడు. అల్యూమినియం ట్రేలలో బిర్యానీ, కూలర్లలో మజ్జిగ, మడత కుర్చీలు. నన్నూ పిలిచారు. వెళ్ళేసరికి అతను అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని ముళ్ళపొదల మధ్య నడుస్తున్నాడు. ఒక స్నేహితుడు ఫోను ఎత్తి పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు. ఫోనులో, వీడియో కాల్ మీద, మన దేశం నుంచి నీళ్ళు చూసే పెద్దమనిషి.

"ఈశాన్యం పట్టండి సార్... నిదానంగా... కాయ పిలక వేళ్ళ దిక్కు ఉండాలె."

"నెట్‌వర్క్ పోతంది అన్నా, జర ఆగు!" అన్నాడు ఫోను పట్టుకున్న స్నేహితుడు.

నన్ను చూడగానే భర్త మొహం వెలిగింది. "ఆంటీ, కరెక్ట్ టైమ్‌కి వచ్చిన్రు. మీది ఏ బ్లడ్ గ్రూప్?"

"ఎందుకు నాయనా, ఎవరికైనా ఆపరేషనా?"

"కాదు ఆంటీ. ఓ పాజిటివ్ వాళ్ళ చేతిలనే కాయ లేస్తదట. నాది బీ పాజిటివ్. గందుకే సిగ్నల్ వీక్ వస్తందేమో."

నేను పని చేసిన కాలమంతా రక్తం గ్రూపులు చూశాను. ఏ గ్రూపు ఎవరికి ఎక్కించవచ్చో చెప్పగలను. ఏ గ్రూపుకు నీళ్ళు కనబడతాయో చెప్పే పుస్తకం ఇంకా రాలేదు. ఆ మాటే అన్నాను. అందరూ గొల్లుమన్నారు. ఇంతలో కాయ లేచింది. నిజంగానే నిటారుగా నిలబడింది. చప్పట్లు కొట్టారు. ఒకామె పసుపు కుంకుమ పొట్లం తీసింది.

"ఉండండి," అన్నాను. "ఇక్కడే నీళ్ళున్నాయంటే కళ్ళు మూసుకున్నా ఇక్కడే లేవాలి. అవునా, కాదా?"

"అవును," అన్నాడతను పౌరుషంగా.

ఒకామె చున్నీ అడిగి తీసుకుని అతని కళ్ళకు గంతలు కట్టాను. గుండ్రంగా తిప్పి వదిలాను. ఫోనులో పెద్దమనిషి "అట్ల చేయరాదమ్మా" అంటూనే ఉన్నాడు. అతను తడుముకుంటూ నడిచాడు. పసుపు చల్లబోయిన చోటు దాటిపోయాడు, కాయ కదల్లేదు. ఇంకా నడిచి నడిచి సరిగ్గా బిర్యానీ ట్రేల ముందు ఆగాడు. కాయ లేచింది.

"ఓర్నీ, కాయకి ఆకలైంది రా!" అని ఎవరో అరిచారు. అతను గంతలు తీసి చూసుకుని తనూ నవ్వాడు. "ఆంటీ, మీరు గెలిచిన్రు. కాయ వద్దు. సైన్స్ ప్రకారమే ఏద్దాం."

అందరి నవ్వు మొహాలూ నావైపే ఉన్నాయి. ఇదే సమయమనుకుని అసలు సంగతి మొదలుపెట్టాను. ఈ వాలు కింద ఊట ఉంది. సున్నపురాయి ఇసుకలా నీళ్ళను వడగట్టదు, పగుళ్ళలోంచి నేరుగా కిందికి పంపేస్తుంది. ఇక్కడ లాన్‌కు చల్లిన ఎరువూ పురుగుమందూ అక్కడ తేలతాయి. ఇక్కడ తోడిన నీళ్ళు అక్కడ తగ్గుతాయి. రోడ్లూ పార్కింగ్ స్థలాలూ పెరిగినకొద్దీ వాన నేలలోకి ఇంకడం మానేసి, కార్ల నూనెను కడుక్కుంటూ వాగులోకి దొర్లిపోతోంది. ఆ ఊటలో ఒక ప్రాణి ఉంది, అది ఈ గుట్టల్లో తప్ప ఇంకెక్కడా లేదు. బోరు బదులు వాన నీళ్ళ ట్యాంకు పెట్టుకోవచ్చు, ఈ పక్క చాలామంది పెట్టుకుంటున్నారు. ఎంత చెప్పినా నా ఎదుట ప్లేట్లు కదులుతూనే ఉన్నాయి.

"బల్లి కోసం బోరు ఆపాల్నా ఆంటీ?" అన్నాడతను. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"బల్లి కాదు."

"ఏదైతేంది. ఈడ నేల ఎవరిదైతే కింద నీళ్ళు వాళ్ళవే. టెక్సాస్ లా. మా కౌంటీల పర్మిట్ గూడ అడగరు. ఫుల్లీ లీగల్."

"ఆంటీ, అది మీద పడితే ఏం ఫలం?" అని ఒకావిడ కన్నుగీటింది. "మా అత్తగారి పంచాంగంలో కుడిభుజానికి ఒకటీ, ఎడమభుజానికి ఒకటీ ఉంది!"

మళ్ళీ నవ్వులు. కొబ్బరికాయ మీద వాదన ఎంత ఇష్టంగా విన్నారో! అది ఆట. నీళ్ళు ఎక్కడున్నాయన్న ప్రశ్నకు మూఢనమ్మకం ఒక జవాబు చెబుతుంది, సైన్సు ఒక జవాబు చెబుతుంది. తోడవచ్చునా అన్న ప్రశ్నే ఎవరూ వేయరు. మూఢనమ్మకం పోతే మనిషి బాగుపడతాడని మా నాన్న వరండాలో అందరూ నమ్మేవారు. పోయిన చోట చట్టం వచ్చి కూర్చుంటుందని, అదీ ప్రశ్న అడగనివ్వదని ఎవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయి ఆ రోజు ప్లేట్లు సర్దుతూ ఉండిపోయింది. తరువాతి ఆదివారం ఊట దగ్గర మాట్లాడింది.

"ఆంటీ, మీరు చెప్పింది కరెక్ట్. నాకు తెలుసు. కానీ నాకు నీళ్ళు కావాల. మా నాయన వేసిన బోర్లన్నీ దుమ్మే కక్కినాయి. ట్యాంకర్ వస్తే బిందెల కోసం అక్కాచెల్లెండ్లం కొట్టుకుంటాంటిమి. నా సొంత నేలలో నా సొంత బోరు, నేను బటన్ నొక్కితే నీళ్ళు... అది నా డ్రీమ్. మీకు అర్థం కాదు. మీది కాలవల సీమ."

నిజమే. నేను గోదావరి కాలవల మధ్య పుట్టాను. నీళ్ళ కోసం ఏనాడూ వరసలో నిలబడలేదు. ఆమె మాట పూర్తిగా విన్నాను. రుజువు అడగడానికి అందులో ఏమీ లేదు.

బోరు బండి వచ్చిన రోజు నేనూ వెళ్ళాను. దూరంగా సెడార్ చెట్టు కింద నిలబడ్డాను. డ్రిల్లింగ్ చేసే అమెరికన్ తన లెక్క ప్రకారం చోటు చూపించాడు. అయినా బండి ముందు కొబ్బరికాయ పగలగొట్టారు. నేను గంతలు కట్టి ఓడించిన కాయేనేమో. తెల్లటి రాతి పొడి మబ్బులా లేచింది. పొద్దు వాలాక నీళ్ళు ఎగజిమ్మాయి. ఆ అమ్మాయి చెప్పులు వదిలేసి ఆ బురదలోకి పరిగెత్తి, దోసిట్లో పట్టుకుని మొహాన చల్లుకుని ఏడ్చింది. "మా నాయన చూడాల్సింది!" అని అరిచింది. ఎవరికీ చెప్పకుండా కారెక్కి వచ్చేశాను.

తర్వాత ఆదివారాలు తగ్గాయి. ఇంటి పని అంది, పిల్లల క్లాసులంది. ఆ వాలులోనే ఇంకో ముగ్గురు మన తెలుగువాళ్ళు స్థలాలు కొన్నారు. వాళ్ళ ఫోన్ల గ్రూపులో నేనూ ఉన్నాను. అందులో ఒక పెద్ద సందేశం పెట్టాను. లాన్ వద్దు, ట్యాంకు పెట్టుకోండి, ఎరువులు చల్లకండి అని. బొటనవేలి బొమ్మలు కొన్ని వచ్చాయి. వాటి కింద ఎవరి పాపకో పుట్టినరోజు శుభాకాంక్షలు, కేకు ఫోటోలు. ఇంకోసారి పెట్టాను. ఈసారి బొటనవేళ్ళు కూడా రాలేదు. దీపావళి పిలుపులు ఆ గ్రూపులోనే వచ్చేవి. కొన్నాళ్ళకు ఆ గ్రూపే మూగబోయింది. కొత్త గ్రూపు ఒకటి పెట్టుకున్నారని చాలా ఆలస్యంగా అర్థమైంది. నన్ను తీసేయలేదు, మర్యాద తెలిసినవాళ్ళు. నన్ను అక్కడే వదిలేసి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఒంటరితనం నాకు కొత్త కాదు. కాని అంతకుముందు అది ఖాళీ గది లాంటిది, కిటికీ తెరిస్తే గాలి వచ్చేది. ఇప్పుడలా కాదు. కిరాణా కొట్లో తెలిసిన మొహం కనబడితే వాళ్ళు పప్పుల వరస నుంచి మసాలాల వరసకు మారిపోతారు. "ఆంటీ మళ్ళీ మొదలుపెడతారేమో" అన్న భయం. నేను మొదలుపెడతాను కూడా.

పోయిన వేసవిలో వాన లేదు. ఊట రోజురోజుకూ సన్నబడింది. మొదట వాగును అందుకోవడం మానేసింది. తర్వాత రాళ్ళ మీద పారడం మానేసింది. చివరికి చూరు కింద పళ్ళెమంత మడుగు మిగిలింది. అందులో ఒకే ఒక్క సాలమాండర్ కనబడింది, పగులు వైపు తల పెట్టుకుని. పైన వాలులో మాత్రం మిట్టమధ్యాహ్నం స్ప్రింక్లర్లు తిరుగుతున్న చప్పుడు కాలిబాట దాకా వినబడేది. తర్వాతి వారానికి మడుగు లేదు. తడి మచ్చ ఉంది. ఆ తర్వాత మచ్చా లేదు.

ఆ నాలుగు బోర్లే ఊటను ఎండగట్టాయని నేను అనను. రుజువు లేని మాట నేను అనలేను. వాన రాలేదు. చుట్టూ ఊళ్ళు పెరిగాయి. ఎక్కడెక్కడో ఎందరో తోడుతున్నారు. ఎవరిని అడిగినా "నా ఒక్క బోరుతో ఏమవుతుంది?" అంటారు. అందరూ అదే అంటారు, అందరి మాటా నిజమే. అన్ని నిజాలూ కలిపితే ఎండిన రాయి.

ఊట ఎండినా నేను వెళ్ళడం మానలేదు. రాతి చూరు ఎదురుగా కూర్చునేదాన్ని. చూడటానికి ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఒక పొద్దున కాలిబాట మీద అడుగుల చప్పుడు. ఆ అమ్మాయే. సన్నబడింది. నా పక్కన కూర్చోలేదు, నిలబడే ఉంది.

"చచ్చిపోయినాయా ఆంటీ?"

"తెలియదు. నీళ్ళతో పాటు పగుళ్ళలోకి దిగిపోతాయి. లోపల నీళ్ళుంటే కొన్నాళ్ళు ఉంటాయి. తిండి ఉండదు. ఎన్నాళ్ళో నాకు తెలియదు."

పైన వాలు వైపు చూస్తూ, "మా బోరు గాలి కక్కుతాంది," అంది. "మోటర్ వేస్తే గడగడ అంటాంది. ఆ సౌండ్ నాకు తెలుసు ఆంటీ. నిద్దట్లో విన్నా గుర్తుపడతా."

"ఏం చేస్తారు?"

"ఆయన ఇంకా లోతుకు దించుదాం అంటాండాడు. రిగ్ బుక్ చేసినాడు. పక్కనోళ్ళు కూడా దించుకుంటాండారు."

నా దగ్గర చెప్పడానికి చాలా ఉంది. మొత్తం ఉపన్యాసం సిద్ధంగా ఉంది. కాని వరండాలో నేర్చుకున్న ఇంకో సంగతి గుర్తొచ్చింది. జవాబు తెలిసిన మనిషిని ప్రశ్నే అడగాలి.

"మీ ఊళ్ళో పక్కవాళ్ళు బోరు లోతుకు దించినప్పుడు మీ నాయన బోరు ఏమైంది?"

"ఎండిపాయ."

"అప్పుడు?"

"మేమూ దించినాం."

"వాళ్ళది?"

"ఎండిపాయ."

"చివరికి?"

ఆమె రాతి చూరు కింద పగులు దగ్గర వంగి, లోపలికి చెయ్యి పెట్టి, తడి ఉందేమోనని వేళ్ళతో తడిమింది. వేళ్ళకు తెల్లటి దుమ్ము అంటింది. దాన్ని చాలాసేపు చూసుకుంది. తర్వాత నావైపు తిరగకుండానే వెళ్ళిపోయింది.

బోరు రిగ్గు వచ్చింది. పక్క స్థలాల్లో బోర్లు లోతుకు దించింది, ఆ చప్పుడు మా ఇంటి దాకా వినిపించింది. ఆమె స్థలంలోకి మాత్రం రాలేదు. కొన్ని వారాలకు వాళ్ళ లాన్ ఎండుగడ్డిగా మారింది. ఇంటి పక్కన పెద్ద ఆకుపచ్చ ట్యాంకు, కప్పు నుంచి దానిలోకి గొట్టాలు. భర్త ఆమెతో మాట్లాడటం మానేశాడని, పక్కవాళ్ళు "ఆంటీ పిచ్చి ఎక్కించింది" అంటున్నారని ఎవరి నోటో విన్నాను. ఆమె మళ్ళీ నడకకు రాలేదు. ఒకసారి స్టాప్ సైన్ దగ్గర మా కార్లు ఎదురయ్యాయి. చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను. నన్ను చూస్తే తను వదులుకున్నది గుర్తొస్తుందేమో. అడగలేదు. వెనక కారు హారన్ కొట్టింది.

చలికాలం ముందు వానలు పడ్డాయి. ఊట మళ్ళీ తడిసింది, ఇప్పుడు సన్నగా పారుతోంది. నేను రోజూ వెళ్ళి కదలకుండా కూర్చుంటున్నాను. ఇంతవరకు ఏదీ తల బయటపెట్టలేదు. వస్తుందని ఆశ చెప్పను, రాదని తీర్పూ చెప్పను. చూసిందే చెబుతాను. ఇంకా చూడలేదు.

ఒక మనిషి, తన చిన్ననాటి దాహాన్ని మింగుకుని, మొగుణ్ణీ స్నేహితుల్నీ ఎదిరించి ఒక బటన్ నొక్కడం మానేసింది. నేను ఉపన్యాసం చెప్పి ఆపించింది కాదు. ఆమెకు తెలిసినదే ఆమె ఆపింది. మీకూ తెలుసు. ఏ ఊళ్ళో ఏ బోరు ఎందుకు ఎండిందో మీ ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి నాతో ఒప్పుకోవద్దు, నాకు బొటనవేలి బొమ్మ పంపవద్దు. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. వెళ్ళి ఆ స్ప్రింక్లర్ కట్టేయండి. రిగ్గు బుక్ చేసి ఉంటే ఫోన్ చేసి రద్దు చేయండి. తర్వాత మీ పక్కింటి తలుపు కొట్టి, వాళ్ళు నవ్వినా సరే, బోరు ఇంకా లోతుకు దించవద్దని మీ నోటితో చెప్పండి. ఇవాళే చెప్పండి.